కొండ దిగువన ఒక నోటుపుస్తకం

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఒంటరి ప్రయాణాల మీద వచ్చిన కథనం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. బండి మీద ఒక్కరే బయలుదేరి కొండలెక్కి వస్తున్న యువతీ యువకుల ఉత్సాహాన్ని ఆ కథనం చక్కగా వివరించింది. ఎటువంటి బూట్లు కొనుక్కోవాలో, సంచిలో ఏమేమి సర్దుకోవాలో కూడా చెప్పింది. అయితే కొండెక్కిన మనిషి చీకటిపడినా దిగి రాకపోతే ఆ సంగతి ముందుగా ఎవరికి తెలుస్తుందన్న ప్రశ్న అందులో ఎక్కడా కనిపించలేదు. ఈ ఫాల్గుణ మాసంలో ఒక సాయంత్రం మహేంద్రగిరి వాలు మీద, వాచిన చీలమండను రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నప్పుడు, యాభై రెండేళ్ల వయసున్న నాకు ఆ ఒక్క ప్రశ్న తప్ప మరేదీ తోచలేదు. అందుచేత కొంచెం వివరంగా రాస్తున్నాను. ఉత్తరం పొడవైతే మన్నించగలరు.

మహేంద్రగిరి ఉత్తరాంధ్ర వాళ్లకు కొత్త కొండ కాదు. పరశురాముడు తపస్సు చేసిన చోటని, పాండవులు గుళ్లు కట్టిన చోటని చిన్నప్పటి నుంచీ వింటున్నదే. 1,501 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరం ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. ఇటు దిగే వాలులు శ్రీకాకుళం జిల్లా మందస మండలం వైపు వస్తాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై పాత గంజాం జిల్లా రెండుగా చీలినప్పటి నుంచి ఈ కొండ తల ఒకరికి, పాదం మరొకరికి దక్కింది. పర్లాకిమిడి వైపు నుంచి శిఖరం దగ్గర దాకా బండ్లు వెళ్లే రోడ్డు ఉంది. మన వైపు నుంచి మాత్రం కాలిబాటలే. మహాశివరాత్రికి రెండు రాష్ట్రాల నుంచీ వేలాది మంది ఎక్కుతారు, ఆ ఒక్క రోజూ కొండ ఊరంత సందడిగా ఉంటుంది. మర్నాటి నుంచి మళ్లీ అది ఇక్కడి గిరిజనులైన సవరలది, వాళ్ల మేకలది, ఎలుగుబంట్లది.

నేను వెళ్లింది శివరాత్రి అయిన పదమూడో నాడు, అంటే ఫాల్గుణ శుద్ధ ద్వాదశి. పంచాంగం ప్రకారం అది ఇంకా శిశిరమే. చైత్రం వస్తే గాని వసంతమని అనకూడదు. కానీ శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడి తోటల సీమ అయిన ఉద్దానం నేల పంచాంగం కోసం ఆగదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు విశాఖలో బండి తీసి, తగరపువలస దగ్గర గోస్తని మీద మంచులో లైటు వేసుకొని నెమ్మదిగా దాటి, శ్రీకాకుళంలో నాగావళి, ఆ పైన వంశధార గడిచి, టెక్కలి వెనక పడేసరికి గాలి వాసనే మారిపోయింది. మామిడి పూత వాసన మనందరికీ తెలుసు. జీడి పూత వాసన దానికన్నా పల్చగా, కొంచెం తియ్యగా, మంచు తడితో కలిసి ముక్కుకు తగులుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తోటలను నేలమట్టం చేసిన తర్వాత నేను ఇటు రావడం ఇదే మొదటిసారి. అప్పుడు కూలిన కొబ్బరి మొద్దులు అక్కడక్కడ ఇంకా ఉన్నాయి, వాటి పక్కన కొత్తగా నాటిన జీడి చెట్లు నా భుజమెత్తు దాటి పూతకొచ్చాయి. బండి ఆపి కాసేపు నిలబడ్డాను. ఒంటరిగా వెళ్లడంలోని సుఖం ఇదే: ఎందుకు ఆపావని అడిగేవారు ఉండరు.

అయితే ఆ సుఖానికే మరో ముఖం ఉంది, ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. ఇంట్లో శ్రీకాకుళం వైపు వెళ్తున్నానని చెప్పాను గాని కొండ పేరు చెప్పలేదు. చెబితే వెళ్లనివ్వరని నా భయం. రాత్రికి పలాసలో ఆగుతానన్నాను, ఫోను చేస్తానన్నాను. అంతకుమించి నా జాడ ఎవరికీ తెలియదు. పైగా హరిపురం దగ్గర హైవే దిగి మందస చేరుకొని, కోవా పావుకిలో కట్టించుకొని, వాసుదేవ పెరుమాళ్ కోవెల ముందు కాసేపు తీరిగ్గా తిరిగి, కొండ దిగువన ఉన్న చివరి పల్లెకు వెళ్లేసరికి తొమ్మిది దాటింది. పదమూడు వందల మీటర్ల ఎత్తు ఎక్కి అదే రోజు దిగవలసిన మనిషి తొమ్మిది గంటలకు నడక మొదలుపెట్టడం తెలివైన పని కాదని ఇప్పుడు ఎవరూ నాకు చెప్పనక్కరలేదు.

ఆ పల్లె చివర టీ, బిస్కెట్లు, బీడీలు అమ్మే పాక ఒకటి ఉంది. బండి అక్కడ పెట్టవచ్చా అని అడిగితే, కొట్టు నడిపే సవర ఆవిడ నన్ను, నా సంచిని, ఎండను వరసగా చూసి, "ఒక్కరే ఎల్తన్నారా బాబూ? ఇంత పొద్దెక్కిపోనాకా?" అంది. అవునన్నాను. ఆవిడ పొయ్యిలోంచి చల్లారిన బొగ్గుముక్క తీసి, పాక ఎర్రమట్టి గోడ మీద జానెడు పొడుగున నిలువు గీత గీసింది. అప్పటికే అక్కడ రెండు గీతలున్నాయి. అవేమిటని అడిగాను. శివరాత్రికి వచ్చే జనాన్ని ఎవరూ లెక్కపెట్టలేరట. మిగిలిన రోజుల్లో ఎవరైనా ఈ దారిన ఎక్కితే ఒక గీత, దిగితే చెరిపేయడం. కొన్నేళ్ల కిందట ఆవిడ మరిది కొండచీపుర్లు కోయడానికి వెళ్లి, కాలు విరిగి, రెండు రాత్రులు పైనే పడి ఉన్నాడట. చుట్టాలింటికి పోయాడని అందరూ అనుకున్నారట. "దిగొచ్చినాక ఓపాలి కనబడి ఎల్లండి," అని చెప్పి ఆవిడ టీ గ్లాసులు కడుక్కోవడంలో పడింది. ఆ గీతను నేను ముచ్చటగా చూశానే తప్ప దాని విలువ గుర్తించలేదు.

దారి మొదట పోడు చేల మధ్య నుంచి, తర్వాత గుగ్గిలం చెట్ల కింద నుంచి పైకి లేస్తుంది. చలికాలమంతా రాలిన ఆకు చీలమండ దాకా ఉంది. అడుగు వేస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. పైన కొమ్మల్లో కొత్త చిగురు ఎర్రగా, ఇంకా విప్పుకోని గుప్పెళ్లలాగా ఉంది. చీపురు మోపులు నెత్తిన పెట్టుకొని ఇద్దరు ఆడవాళ్లు ఎదురొచ్చారు. వాళ్లు తలలు తిప్పకుండానే నాకు దారి వదిలారు, నేనే సంచితో తడబడ్డాను. ఇక దారి సంగతి. ఎక్కడా ఒక బాణం గుర్తు లేదు, రాయి మీద సున్నపు చుక్క లేదు. నాకు దారి చూపించింది శివరాత్రి భక్తులు పారేసిన నీళ్ల పాకెట్లు. చెప్పడానికే సిగ్గుగా ఉంది గాని, చెత్తను నమ్ముకొని నేను కొండెక్కాను.

శిఖరం చేరేసరికి రెండున్నర. పెద్ద పెద్ద రాళ్లను ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టిన భీముడి గుడి, దూరంగా కుంతి గుడి, ధర్మరాజు గుడి. అక్కడ చోళులు దండెత్తి వచ్చినప్పుడు చెక్కించిన శాసనం, దాని పక్కన వాళ్ల పులి, పాండ్యుల చేపలు. తంజావూరు నుంచి ఇంత దూరం సైన్యంతో వచ్చి ఈ కొండ మీద విజయస్తంభం నాటామని రాసుకున్నారు. తూర్పున ఇరవై పాతిక కిలోమీటర్ల దూరంలోనే సముద్రం ఉండడం వల్ల, పొగమంచు విడిచిన చోట బూడిద రంగు నీటి గీత, అంతకుముందు కొబ్బరి తోటల పచ్చదనం కనిపించాయి. ఈ చుట్టుపక్కలే పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర కలిసేది ఆ నీటిలోనే. అటువైపు రోడ్డున కార్లలో వచ్చిన ఒక కుటుంబం ఫోటోలు తీసుకొని పావుగంటలో వెళ్లిపోయింది. వాళ్లను అడిగి ఆ కారులో అటు దిగిపోవచ్చునన్న ఆలోచన అప్పుడు రాలేదు. సాయంత్రం మాత్రం వందసార్లు వచ్చింది.

మూడుంబావుకు దిగడం మొదలుపెట్టాను. గంటన్నర తర్వాత దారి రెండుగా చీలిన చోట, నీళ్ల పాకెట్లున్న దారే నాదనుకొని కుడివైపు తిరిగాను. భక్తులు ఒక్క పల్లె నుంచే ఎక్కరని, పాకెట్లు రెండు దారుల్లోనూ ఉంటాయని ఆ క్షణంలో తట్టలేదు. పొద్దున ఎక్కేటప్పుడు కుడిచేతి వైపు వినిపించిన వాగు దిగేటప్పుడు ఎడమన వినిపించాలి. అది మళ్లీ కుడినే వినిపిస్తున్నదని తెలుసుకునేసరికి ముప్పావు గంట నడక అయిపోయింది. వెనుదిరిగాను. తొందరలో, ఆకుల కింద రాయి ఉందని చూసుకోక, ఎడమ కాలు మడతపడింది. ఎముక విరగలేదని తర్వాత డాక్టరు చెప్పారు, కానీ ఆ సాయంత్రం నాకు ఆ ధైర్యం చెప్పేవారు లేరు.

ఫోనులో సిగ్నల్ లేదు. ఒకసారి మాత్రం చిన్నగా మోగింది. ఆశగా తీసి చూస్తే అవతలి టవర్ నుంచి ఒడియాలో వచ్చిన స్వాగత సందేశం. వెంటనే 112కు చేయబోతే ఆ టవర్ కూడా పోయింది. ఎదురుగా ఉన్న వాలు మీద ఎవరో పోడు కోసం పెట్టిన నిప్పు సన్నని దండలాగా పాకుతూ ఉంది. అది నావైపు రాలేదు, మధ్యలో లోయ ఉంది. అయినా పొగ వాసన ముక్కుకు తగులుతుంటే, చుట్టూ మోకాలెత్తు ఎండాకు ఉన్న చోట కూర్చోవడం ఎలా ఉంటుందో చెప్పలేను. ఎవరు వెతుకుతారన్నది అప్పుడు నిదానంగా ఆలోచించాను. నా భార్య రాత్రి పదింటి దాకా ఫోను కోసం చూస్తుంది. ఆ తర్వాత పలాసలో లాడ్జీలన్నిటికీ ఫోను చేస్తుంది. మర్నాడు ఫిర్యాదు ఇస్తుంది, కానీ ఏ ఊరి స్టేషనులో ఇస్తుంది? నా బండి మందస మండలంలో ఉంది, నేను కూర్చున్న రాయి ఆంధ్రాలో ఉందో ఒడిశాలో ఉందో నాకే తెలియదు. ఈ లెక్కన నా కోసం మొదటి మనిషి కొండెక్కేది మూడో రోజు. నేను ఆ రోజు ఎక్కిన సంగతికి ఈ లోకంలో ఉన్న ఒకే ఒక్క రుజువు మట్టిగోడ మీది బొగ్గు గీత.

కుంటుకుంటూ, ద్వాదశి వెన్నెల ఉంది కాబట్టి చీలిక దాకా వచ్చి, సరైన దారి పట్టి కొంత దూరం దిగాను. ఏడున్నర దాటాక కింది నుంచి టార్చి వెలుగు ఊగుతూ కనిపించింది. పద్నాలుగేళ్ల కుర్రాడు, వాడి వెనక గొడ్డలి పట్టుకొని ఒక పెద్దాయన. కుర్రాడు నన్ను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. "మిగతావోళ్లు దిగిపోనారు. మీ గీతొక్కటీ ఉండిపోనాది. సూసి రమ్మని అమ్మ తోలింది," అన్నాడు. పెద్దాయన నా సంచి తీసుకున్నాడు. ఎలుగులు తిరిగే వేళ కావడంతో దారంతా ఆయన గొడ్డలి కర్రతో చెట్లను తడుతూ, సవరలో ఏదో గట్టిగా మాట్లాడుతూ నడిచాడు. నా దగ్గరున్న కోవా కుర్రాడికిస్తే, మూడు భాగాలు చేసి ఒకటి నాకే తిరిగి ఇచ్చాడు. పాక దగ్గర ఆవిడ కుండలో చెయ్యి తడిపి, నా గీతను అరచేత్తో తుడిచేసి, "ఇంటికి ఫోను సెయ్యండి ముందు," అంది. కొట్టు వెనక గట్టు మీద నిలబడితే సిగ్నల్ వస్తుందని చూపించింది కూడా ఆవిడే.

సంపాదక మహాశయా, ఆ గీతకు బదులు ఒక నోటుపుస్తకం పెట్టమని మాత్రమే నేను అడుగుతున్నాను. ఎక్కినవారి పేరు, ఎక్కిన వేళ, ఏ దారిన ఎక్కి ఏ దారిన దిగుతారో, ఎన్ని గంటలకు దిగుతామనుకుంటున్నారో, దిగకపోతే ఎవరికి చెప్పాలో, ఈ అయిదు సంగతులు. దాన్ని చూసుకునే మనిషి ఆ పల్లెలోనే ఉండాలి, ఆ పనికి నెలకు ఎంతో కొంత జీతం ముట్టాలి. అట్ట లోపల రెండు వైపుల పోలీసు స్టేషన్ల నంబర్లు, రెండు వైపుల అటవీ సిబ్బంది నంబర్లు ఉండాలి. పొద్దు గుంకిన గంటకు పేరు కొట్టివేయకపోతే వాటిలో మొదటి నంబరుకు ఫోను వెళ్లాలి. సరిహద్దు గొడవ ఉన్న కొండ గనుక ఇది శ్రీకాకుళం, గజపతి జిల్లాల అధికారులు ఒక్కసారి కలిసి కూర్చొని తేల్చుకోవలసిన పని.

ఇది కొత్త ఆలోచన ఏమీ కాదు. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ లోయను వరద ముంచినప్పుడు ఆ రోజు అక్కడ ఎంతమంది ఉన్నారో ఎవరి దగ్గరా లెక్క లేదు. యాత్రికుల పేర్ల నమోదు ఆ మరుసటి ఏడాది నుంచి మొదలైంది. 2018 మార్చి 11న, సరిగ్గా ఇదే ఋతువులో, తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో నడకకు వెళ్లినవారు కార్చిచ్చులో చిక్కి ఇరవై మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ రాష్ట్రం అదే ఏడాది ట్రెక్కింగ్‌కు నియమాలు తెచ్చింది. 2024 అక్టోబరులో నలభై కొండదారులను ఆన్‌లైన్ నమోదుతో, స్థానికులే దారి చూపేటట్టు తెరిచింది. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుతపులి ఒక చిన్నారిని పొట్టన పెట్టుకున్నాక తిరుమల నడకదారి భక్తులను గుంపులుగా పంపడం, చేతికి కర్ర ఇవ్వడం మొదలైంది. గమనించండి, అన్నిచోట్లా ప్రాణాలు పోయిన తర్వాతే పుస్తకం తెరిచారు. మహేంద్రగిరి దగ్గర ఒక సవర ఇల్లాలు మాత్రం, మరిది కాలు విరిగినందుకే తెరిచింది.

నా మిత్రుడొకరు ఈ మాట విని, "నువ్వు పుస్తకం అడుగు, వాళ్లు గేటు పెడతారు, ఆ తర్వాత టిక్కెట్టు, ఆ తర్వాత నిషేధం," అన్నారు. ఆయన భయం నిరాధారమని అనలేను. ఏదైనా ప్రమాదం జరగగానే దారి మూసేయడం మన అధికారులకు అన్నిటికన్నా సులువైన పరిష్కారం. అందుకే నేను అనుమతి పత్రం అడగడం లేదు. పుస్తకంలో పేరు రాసినవారిని ఆపే అధికారం ఎవరికీ ఉండకూడదు. ఆ పల్లె ఆవిడ నన్ను ఆపలేదు, పొద్దెక్కిందని మాత్రం చెప్పింది.

నా కూతురు లేవనెత్తిన అభ్యంతరం ఇంకా బరువైనది. ఒంటరిగా వెళ్లే ఆడపిల్ల తన పేరు, ఫోను నంబరు, తాను ఏ వేళకు ఏ దారిలో ఉంటుందో వచ్చేపోయేవారందరూ తిరగేసే పుస్తకంలో ఎందుకు రాయాలని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. రెండు రోజులు ఆలోచించాక అనిపించింది: వివరాలన్నీ మడిచిన చీటీలో రాసి ఇవ్వాలి, పుస్తకంలో చీటీ అంకె, వేళ మాత్రమే ఉండాలి. దిగివచ్చాక ఆ చీటీని విప్పకుండానే చేతికి తిరిగి ఇచ్చేయాలి. బొగ్గు గీత చేస్తున్నదీ సరిగ్గా అంతే. అందులో నా పేరు లేదు, ఊరు లేదు. నేను దిగాక అదీ లేదు.

పుస్తకం ఏ భాషలో అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. తెలుగు, ఒడియా రెండూ ఉండాలి సరే. దారి చీలికల దగ్గర రాళ్ల మీద వేసే గుర్తులు మాత్రం అక్షరాలతో కాకుండా రంగుతో ఉంటే మేలు, ఒక్కో పల్లె దారికి ఒక్కో రంగు. చూసుకునే వ్యక్తి సవర అయి ఉండాలన్న మాట మీద నేను గట్టిగా నిలబడతాను. ఇక్కడికి దగ్గర్లోని పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకొని, నిఘంటువు కూర్చి, సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు ఏటా ఆగస్టు 29న తలచుకునే మనకు, ఆ భాష మాట్లాడేవారికి నాలుగు జీతాలివ్వడం కష్టం కాకూడదు. పోడు నిప్పు ఏ రోజు ఏ వాలు మీద పెడతారో ముందుగా తెలిసేది కూడా వాళ్లకే. ఆ ఒక్క ముక్క పొద్దున్నే చెప్పగలిగితే చాలు, నడిచేవాడు ఆ వైపు వెళ్లడు.

చైత్రంలో, ఉగాది వెళ్లాక, మళ్లీ అక్కడికి వెళ్తున్నాను. ఈసారి ఇంట్లో కొండ పేరు చెప్పాను. రెండు వందల పేజీల నోటుపుస్తకం, చీటీల కోసం తెల్లకాగితాలు, దారం కట్టిన రెండు పెన్నులు కొని సంచిలో పెట్టుకున్నాను. ఆవిడకు చదువు రాదు, కుర్రాడు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు గనుక రాయగలడు. అట్ట లోపల నంబర్లు రాయవలసిన చోటు మాత్రం ఖాళీగా ఉంది. ఆ నాలుగు నంబర్లు ఎవరివి రాయాలో, రాత్రి ఎనిమిదింటికి ఫోను చేస్తే అవతల ఎవరు ఎత్తుతారో రెండు జిల్లాల అధికారులు మీ పత్రిక ద్వారా తెలియజేస్తే నేను బయలుదేరేలోపు రాసుకుంటాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
మర్రిపాలెం, విశాఖపట్నం